చిన్న కారు - పెద్ద ఇంజను

పిట్ట కొంచెము, కూత ఘనము అని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెతకు మోటారు కార్ల చరిత్రలో ఉదాహరణము కావలెనన్నచో లోటస్ సెవెన్ అను చిన్న కారును చూపిన చాలును. ఇది 1957లో ఇంగ్లండు దేశమున వెలసినది. దీనికి తలుపులు లేవు. గట్టి పైకప్పు లేదు. ఇద్దరు మనుష్యులు ఒదిగి కూర్చుండుటకు మాత్రము చోటు కలదు. ముందు చక్రములు రెండును ఎడ్లబండి చక్రములవలె కారు శరీరమునకు వెలుపల విడిగా కనిపించుచుండును. దీనిని కొన్నవారిలో పలువురు సిద్ధమైన కారును కొనలేదు. విడిభాగములను కొని, ఇంటికి తెచ్చి, తమ పెరటి షెడ్డులో తామే బిగించుకొనిరి. ఇట్లు కొన్నవాడే కూర్చుకొనునట్టి వాహనమునకు కిట్ కారు అని పేరు.

ఈ కారు పుట్టిననాడు దీని ఇంజను బలము 40 అశ్వశక్తులు. ఆ వంశమునకే చెందిన కారొకటి 2013లో 310 అశ్వశక్తులతో బయలువెడలినది. ఆకారము మారలేదు, పొడవు వెడల్పులు పెద్దగా పెరుగలేదు. పెరిగినది ఇంజను బలము. చిన్న కారులో పెద్ద ఇంజనును దించుట యనగా పాతదానిని పైకి తీసి క్రొత్తదానిని నాలుగు మరలతో బిగించుట యని పైకి తోచును. కాని ఇంజను మారిన ప్రతిసారియు కారులోని మరియొక భాగము తన బలహీనతను బయటపెట్టెను. ఆ బలహీనతలను ఒక్కొక్కటిగా కనుగొని సరిదిద్దిన కథయే ఈ కారు చరిత్ర. ఆ కథను నేడు మన శ్రోతలకు వినిపింపదలచితిమి.

ముందుగా ఇంజను పెద్దది, చిన్నది అనుటలో అర్థమేమో చూతము. ఇంజనులో సిలిండర్లు అను గుండ్రని గదులుండును. వానిలో పిస్టనులు మీదికి క్రిందికి ఆడుచుండును. పిస్టనులు క్రిందికి దిగినపుడు ఏర్పడు చోటు మొత్తము ఎంతయో, అదియే ఇంజను పరిమాణము. దానిని ఘన సెంటీమీటర్లలో కొలిచి, వాడుకలో సి.సి. అందురు. ఆ చోటు పెరిగిన కొలది ఒక్కొక్క విడతకు ఎక్కువ గాలియు, ఎక్కువ పెట్రోలును లోనికి పోయి ఎక్కువ బలముతో మండును. పదిమందికి వండవలెనన్నచో పెద్ద గుండిగ కావలెను గదా! అయితే పెండ్లి గుండిగను తెచ్చి కుంపటిమీద పెట్టిన నిలుచునా? గుండిగతోపాటు పొయ్యి పెరుగవలెను, కట్టెలు పెరుగవలెను, దింపుటకు చేతులును పెరుగవలెను. మన కథలోని చిక్కంతయు ఇదియే.

ఈ కారు వంశవృక్షమునకు మూలము 1922లో కలదు. ఆ సంవత్సరమున హెర్బర్ట్ ఆస్టిన్ అను బ్రిటిషు పారిశ్రామికుడు ఆస్టిన్ సెవెన్ అను బుల్లి కారును ప్రవేశపెట్టెను. మధ్యతరగతి కుటుంబము భరింపగల వెలకు లభించిన ఆ కారు 1939 వరకు తయారై, సుమారు 2,90,000 సంఖ్యలో అమ్ముడుపోయెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి వానిలో చాలభాగము ముసలివై చౌకగా దొరకుచుండెను. క్రొత్త కారు దొరకుట దుర్లభము. తయారైనవానిని విదేశ ద్రవ్యము కొరకు ఎగుమతి చేయుట నాటి ప్రభుత్వ విధానము. పెట్రోలుకు 1950 వరకు రేషను ఉండెను. అట్టి దినములలో యంత్రజ్ఞానము గల యువకులు పాత ఆస్టిన్ సెవెన్‌ను కొని, దాని పై శరీరమును విప్పివేసి, తేలికైన రేకును తొడిగి, పందెములకు సిద్ధము చేసుకొనెడివారు. ఇట్టి ఔత్సాహికుల కొరకే 750 మోటార్ క్లబ్బు 1939లో ఏర్పడినది. ఆ పేరులోని సంఖ్య 747 సి.సి. గల ఆస్టిన్ ఇంజనును సూచించును.

ఆ యువకులలో కాలిన్ చాప్‌మన్ ఒకడు. 1928లో జన్మించిన ఈయన లండను యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగు చదువుచు, 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను పందెపు బండిగా మార్చెను. తరువాత తన భార్యయైన హేజెల్ తల్లిదండ్రుల ఇంటివద్ద నున్న షెడ్డే ఆనాటి కర్మాగారము. రెండవ కారునకు వచ్చుసరికి ఆస్టిన్ ఇంజను బలము చాలదని తోచి, ఆ చట్రములోనే దానికంటె పెద్దదైన ఫోర్డు ఇంజనును దించెను. అనగా చిన్న బండికి పెద్ద ఇంజను అను ఆలోచన ఈ సంస్థ పురిటిగదిలోనే పుట్టినదన్నమాట.

1952లో చాప్‌మన్ ఉత్తర లండనులోని హార్న్‌సీలో లోటస్ ఇంజనీరింగ్ సంస్థను స్థాపించెను. పలువురు కొనుగోలుదారుల కొరకు ఆ సంస్థ తయారు చేసిన మొదటి కారు లోటస్ సిక్స్. ఇందులో చాప్‌మన్ క్రొత్త త్రోవ త్రొక్కెను. పాత కార్లలో నిచ్చెనవంటి బరువైన ఇనుప చట్రము క్రిందను, శరీరము దానిమీదను ఉండెడివి. ఈయన సన్నని ఉక్కు గొట్టములను త్రికోణములుగా అతికి, పంజరమువంటి చట్రమును నిర్మించెను. రైలు వంతెనల ప్రక్క దూలములను చూచినవారికి ఈ ఉపాయము క్రొత్త కాదు. నాలుగు కమ్ములతో చేసిన చతురస్రమును మూలపట్టి నొక్కినచో అది ప్రక్కకు వాలును. మూడు కమ్ముల త్రికోణము వాలదు. కావున తక్కువ లోహముతో ఎక్కువ బిగువు చేకూరును. లోటస్ సిక్స్ వట్టి చట్రము బరువు సుమారు 25 కిలోలు మాత్రమే. బియ్యపు బస్తా మోయగలవాడు దానిని అవలీలగా భుజముమీద వేసికొని పోగలడు.

ఈ చట్రములో ఏ ఇంజనును ఉంచవలెననునది కొన్నవారి ఇష్టము. చాలమంది 1172 సి.సి. ఫోర్డు ఇంజనుతో తృప్తిపడిరి. పీటర్ గామన్ అను పందెగాడు మాత్రము ఎం.జి. కారు ఇంజనును మెరుగుపరచి ఇందులో దించెను. 1954లో 17 పందెములలో పాల్గొని 14 గెలిచెను. తేలిక బండికి బలమైన ఇంజను తోడైనచో ఏమగునో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

దాని వారసత్వమున 1957లో లోటస్ సెవెన్ వచ్చినది. ఇది విడిభాగములుగా అమ్ముడుపోవుట వెనుక ఒక చట్టము కలదు. యుద్ధకాలమున, 1940లో, బ్రిటిషు ప్రభుత్వము విధించిన కొనుగోలు పన్ను సిద్ధమైన కారుమీద భారముగా పడుచుండెను. విడిభాగములుగా కొన్న కారునకు ఆ పన్ను లేదు. సిద్ధమైన లోటస్ సెవెన్ వెల పన్నుతో కూడ 1036 పౌన్లు. విడిభాగములుగా కొన్నచో 536 పౌన్లు. ఇంచుమించు సగము వెలకే కారు! అయితే కొన్నవాడు తానే కూర్చుకొనవలెను. బిగించు విధానమును తెలుపు పుస్తకము నిచ్చుటకు కూడ వీలు లేనందున, లోటస్ వారు కారును ఎట్లు విప్పవలెనో తెలుపు పుస్తకము నిచ్చిరనియు, కొన్నవారు దానిని చివరి పుటనుండి మొదటికి చదువుకొనిరనియు ఒక ముచ్చట వాడుకలో నున్నది.

ఆ పన్ను చట్టము తెలియకయే ఒక మేలు చేసెను. తన చేతులతో ప్రతి మరను బిగించినవాడు తన కారు గుట్టంతయు ఎరుగును. ఏ శబ్దము ఎక్కడనుండి వచ్చుచున్నదో వానికి ఒకరు చెప్పనక్కరలేదు. అట్టివాడు ఒకనాడు పెద్ద ఇంజనును కోరుట సహజము. దానిని దించుటకు జంకకుండుటయు సహజమే.

మొదటి సెవెన్‌లోని 1172 సి.సి. ఇంజను ఫోర్డు ప్రిఫెక్టు వంటి కుటుంబపు కారునుండి వచ్చినది. ప్రిఫెక్టు ముప్పాతిక టన్ను బరువుండగా సెవెన్ బరువు అర టన్నుకు లోపు. అందుచేత అదే ఇంజను ఇందులో చురుకుగా పనిచేసెను. అయినను 1958లో ది మోటార్ అను పత్రికవారు పరీక్షించినపుడు దీని గరిష్ఠ వేగము గంటకు 80 మైళ్లుగా తేలినది. నిలిచియున్న కారు 60 మైళ్ల వేగమును అందుకొనుటకు 16 సెకండ్లు పట్టినది. మలుపులలో మేటియైన ఈ కారు తిన్నని బాటమీద పెద్ద కార్లకు త్రోవ ఈయవలసి వచ్చెడిది. యజమానుల మనసు పెద్ద ఇంజనులమీదికి పోవుటకు ఇది చాలును.

మొదట వచ్చిన బలమైన ఇంజను కవెంట్రీ క్లైమాక్స్ వారిది. దాని పుట్టుక వింతయైనది. అగ్నిమాపక దళములవారు సులభముగా మోసికొనిపోవు నీటి పంపుకొరకు రూపొందించిన తేలిక ఇంజను అది. పరిమాణము 1098 సి.సి. మాత్రమే, బలము 75 అశ్వశక్తులు. ఫోర్డు ఇంజనుకంటె పరిమాణమున చిన్నదైనను బలమున ఇంచుమించు రెట్టింపు. కాని దాని వెల హెచ్చు. సామాన్యుడు కొనగల పెద్ద ఇంజను మరల ఫోర్డు సంస్థనుండియే రావలసి వచ్చెను.

1959లో ఫోర్డు వారు ఆంగ్లియా కారు కొరకు 997 సి.సి. క్రొత్త ఇంజనును తెచ్చిరి. దాని వంశమున క్రమముగా 1340, 1498, 1599 సి.సి. రూపములు వెలువడినవి. ఇందొక విశేషము కలదు. ఈ నాలుగింటికిని సిలిండరు వ్యాసము ఒక్కటే, సుమారు 81 మిల్లీమీటర్లు. పిస్టను ఆడు దూరము మాత్రము 48 మిల్లీమీటర్లనుండి 78 వరకు పెరిగెను. కావున ఇంజను ఎత్తు కొంత పెరిగినను, పొడవు వెడల్పులు ఇంచుమించు అట్లే నిలిచెను. చిన్నది కూర్చున్న పీటమీదనే పెద్దది కూర్చుండగలిగెను. ఇరుకైన కారు గలవానికి ఇంతకంటె కావలసినదేమి?

ఈ ఇంజనుకు మెరుగుపెట్టినవారు మైక్ కాస్టిన్, కీత్ డక్‌వర్త్ అను ఇద్దరు ఇంజనీర్లు. ఇద్దరును లోటస్‌లో పనిచేసినవారే. 1958లో తమ పేర్లను కలిపి కాస్‌వర్త్ అను సంస్థను నెలకొల్పిరి. ఇంజను లోనికి ఎక్కువ గాలి పోవునట్లు పెద్ద కార్బురేటర్లను, కవాటములు ఎక్కువసేపు తెరచియుండునట్లు మార్చిన క్యాముషాఫ్టును వారు అమర్చిరి. 1961లో 1340 సి.సి. కాస్‌వర్త్ ఇంజనుతో సూపర్ సెవెన్ వెలువడెను. బలము 85 అశ్వశక్తులు. 60 మైళ్ల వేగమునకు పట్టు కాలము 16 సెకండ్లనుండి సుమారు 8 సెకండ్లకు దిగెను. కార్బురేటర్లకు లోపల చోటు చాలక, ఇంజనుమీది మూత ప్రక్కను కోసి వానిని వెలుపలికి రానిచ్చిరి. ఇరుకింట పెద్ద మంచము వేసినపుడు కోళ్లు గడప దాటినట్లు!

ఇక చిక్కులు మొదలైనవి. మొదటి చిక్కు ఇంజనులోనే వచ్చినది. పిస్టనుల ఆటను గుండ్రని తిరుగుడుగా మార్చు క్రాంకుషాఫ్టు 1340 సి.సి. ఇంజనులో మూడు బేరింగులమీద మాత్రమే తిరుగును. మెత్తగా నడుచు కుటుంబపు కారుకు అది చాలును. కాని పందెపు వేగమున తిప్పినపుడు రెండు ఆధారముల నడుమ షాఫ్టు వంగజూచును. ఆ ఒత్తిడికి అది బలహీనమని పేరుపడినది. 1962లో వచ్చిన 1498 సి.సి. ఇంజనులో ఐదు బేరింగులు ఉండెను. పొడవైన దూలమునకు నడుమ స్తంభములు చేర్చినట్లు షాఫ్టు నిలకడగా తిరిగెను. కాస్‌వర్త్ చేతిలో ఈ ఇంజను 95 అశ్వశక్తుల నిచ్చినది. కారు గంటకు 100 మైళ్లు దాటినది.

రెండవ చిక్కు బ్రేకులది. కదలుచున్న వస్తువునందలి శక్తి వేగముతో సమముగా పెరుగదు. వేగపు వర్గముతో పెరుగును. 80 మైళ్ల వేగమునుండి 100 మైళ్లకు పోయినచో వేగము నాలుగవ వంతు మాత్రమే హెచ్చును గాని, బ్రేకులు ఆర్పవలసిన శక్తి ఒకటిన్నర రెట్లకు మించును. ఆ శక్తియంతయు బ్రేకులలో వేడిగా మారవలసినదే. మూసియున్న పాత డ్రమ్ము బ్రేకులలో వేడి లోపలనే నిలిచి, పట్టు సడలును. అందుచేత 1500 సూపర్ సెవెన్‌కు ముందు చక్రములవద్ద డిస్కు బ్రేకులు అమర్చిరి. డిస్కు గాలికి తెరచియుండును గనుక త్వరగా చల్లారును. పరుగు నేర్పినవాడు ముందు ఆగుట నేర్పవలెను. ఇంజనును మార్చిన ఔత్సాహికులలో బ్రేకులను మరచినవారు ప్రాణములతో పందెమాడినవారే.

మూడవ చిక్కు వెనుక ఇరుసుది. 1960లో సెవెన్ రెండవ శ్రేణి వచ్చినపుడు ఖర్చు తగ్గించుటకై చట్రములో కొన్ని గొట్టములను తగ్గించిరి. ఇరుసును స్టాండర్డ్ కంపానియన్ అను కారునుండి తీసికొనిరి. ఈ కంపానియన్ స్టాండర్డ్ టెన్ కారుకు తోబుట్టువు. అదే స్టాండర్డ్ టెన్‌ను 1950లలో మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు తయారు చేసిరి గనుక, ఈ కథలోని ఒక పాత్ర మన పెద్దలకు పరిచయమైనదే. కుటుంబమును సంతకు, పెండ్లికి తీసికొనిపోవు నెమ్మది కారు అది. దాని ఇరుసుమీద పందెపు ఇంజను బలము వచ్చి పడినది.

ఇరుసును చట్రముతో కలుపుటకు చాప్‌మన్ ఇంగ్లీషు అక్షరమైన ‘ఏ’ ఆకారము గల కమ్మిని వాడి, దాని కొనను ఇరుసు నడుమనున్న గేరుల గూడు అడుగున బిగించెను. తక్కువ బరువుతో పని జరుగు తెలివైన ఏర్పాటే అది. కాని చక్రములు నేలను నెట్టినపుడు ఇరుసు వెనుకకు మెలితిరుగజూచును; మలుపులలో ప్రక్కకు జరుగజూచును. ఈ రెండు ఒత్తిళ్లను ఆ ఒక్క చోటే భరింపవలసి వచ్చెను. 40 అశ్వశక్తుల ఇంజను ఉన్నంతకాలము ఇరుసు ఊరకుండెను. 90 దాటిన పిమ్మట గూడు అతుకులనుండి నూనె కారుట, పగుళ్లు విచ్చుట కనిపించెను. తెలిసిన యజమానులు ఆ గూటికి ఉక్కు పట్టీలు అతికించుకొనిరి. 1968లో మూడవ శ్రేణి వచ్చినపుడు 1600 సి.సి. ఇంజనుతోపాటు ఫోర్డు ఎస్కార్టు కారు ఇరుసును వాడి, సంస్థయే ఈ లోపమును దిద్దుకొనెను.

చిక్కులు ఇంతటితో ముగియవు. మండిన పెట్రోలునందలి శక్తిలో చక్రములను తిప్పునది చిన్న భాగము. తక్కినదంతయు వేడియై పోవును. ఇంజను పెద్దదైన కొలది ఆ వేడిని తీసికొనిపోవు రేడియేటరు కూడ పెద్దది కావలెను. సెవెన్ ముక్కు చూడగా మిక్కిలి సన్నము. ఇంజను బరువు హెచ్చినచో ముందు భాగము భారమై, మలుపు తిరుగుటకు మొరాయించును. కావడిలో ఒక బిందెను నింపి మరియొక దానిని సగము నింపినవాని నడక ఎట్లుండునో కారు నడకయు అట్లే యుండును. క్లచ్చి పట్టు చాలదు. గేరుల నిష్పత్తి కుదరదు. ఒక కోరిక తీర్చుకొనబోయి పది పనులు నెత్తిన వేసికొనుట యనగా ఇదియే.

చివరకు చట్రమే సాక్ష్యము చెప్పవలసి వచ్చెను. 1969లో లోటస్ వారి సొంత ట్విన్ క్యామ్ ఇంజనును సెవెన్‌లో దించినపుడు, సన్నని గొట్టముల పంజరము ఆ బలమునకు మెలిపడకుండ అదనపు గొట్టములను త్రికోణములుగా అతికించిరి. అట్టి కార్లు తయారైనవి 13 మాత్రమే. ఒకప్పుడు ఖర్చుకై తీసివేసిన గొట్టములకు బదులు క్రొత్త గొట్టములు మరల వచ్చి చేరెను.

ఈ పాఠమును నేర్చుకొన్నది సెవెన్ ఒక్కటే కాదు. ఇంగ్లండులోని ఏ.సి. సంస్థవారి ఏస్ కారులో 2 లీటర్ల ఇంజను ఉండెడిది. కారల్ షెల్బీ అను అమెరికను పందెగాడు 1962లో దానిలో 4.3 లీటర్ల ఫోర్డు ఇంజనును దింపించెను. కోబ్రా అను పేరుతో ప్రసిద్ధికెక్కిన కారు అది. ఆ మార్పును పాత చట్రము కొంత దిటవు చేయగా భరించెను. కాని 1965లో 7 లీటర్ల ఇంజనును తెచ్చినపుడు అది చాలదయ్యెను. ప్రధాన గొట్టముల వ్యాసమును 3 అంగుళములనుండి 4 అంగుళములకు పెంచి, అడ్డముగా నుండిన పాత పట్టీ స్ప్రింగులను తీసి చుట్ట స్ప్రింగులను అమర్చి, చట్రమును క్రొత్తగా నిర్మింపవలసి వచ్చెను. పేరు అదే గాని క్రింద నున్నది వేరొక కారు. తరువాతి కాలమున ఆ కోబ్రా ఆకారమును అనుకరించుచు ఎన్నో కిట్ కార్లు వెలువడినవి.

మరల సెవెన్ కథకు వత్తము. 1973లో బ్రిటను ఐరోపా ఆర్థిక సమాజమున చేరెను. ఆ యేటి ఏప్రిలు 1వ తేదీన కొనుగోలు పన్ను పోయి విలువ ఆధారిత పన్ను వచ్చెను. విడిభాగములకు ఉండిన పాత మినహాయింపు దానితో అంతరించెను. లోటస్ వారి చూపు అప్పటికే ఖరీదైన కార్లమీదికి మరలియుండెను. సెవెన్‌ను తయారు చేయు హక్కును ఆ యేడే కేటర్‌హామ్ కార్స్ అధిపతియైన గ్రాహమ్ నియర్న్ తీసికొనెను. ఆయన ఆ కారును ఎంతోకాలముగా అమ్ముచుండినవాడు. 1974లో మూడవ శ్రేణి రూపమునే మరల ఆరంభించి, ట్విన్ క్యామ్ కారు కొరకు దిటవు చేసిన చట్రమును ఆధారముగా గైకొనెను. చాప్‌మన్ 1982లో మరణించెను; ఆయన చిన్న కారు మాత్రము బ్రదికినది.

కేటర్‌హామ్ చేతిలో ఇంజనులు పెరుగుచునే పోయినవి. 1980లలో వెనుక చక్రముల అమరికను డి డియాన్ పద్ధతికి మార్చిరి. అందులో బరువైన గేరుల గూడును చట్రమునకే బిగింతురు గనుక చక్రములతోపాటు అది ఎగిరిపడదు. ఆ దినములలోనే 170 అశ్వశక్తుల రకమునకు ‘హెచ్.పి.సి.’ అను పేరు వచ్చెను. ఇది ఇంజను పేరు కాదు; వేగముగా పోవు కారును అదుపులో నుంచుట నేర్పు ఒక డ్రైవింగు శిక్షణ పేరునుండి వచ్చినది. ఇందలి భావము గమనింపదగినది. చట్రము, ఇరుసు, బ్రేకులు అన్నియు దిటవైన పిమ్మట దిద్దుకొనవలసిన భాగము ఇంకొకటి మిగిలినది. అది చుక్కాని పట్టిన మనిషి.

2013 నాటి 310 అశ్వశక్తుల కారు నిలిచినచోటునుండి 60 మైళ్ల వేగమునకు 3 సెకండ్లలోపుననే చేరును. మొదటి సెవెన్‌కు పట్టినది 16 సెకండ్లని జ్ఞాపకముంచుకొందము. అయితే ఆ సంస్థయే 2021లో మరియొక సెవెన్‌ను వెలువరించెను. దానిలోనిది జపాను దేశపు సుజుకీ వారి 660 సి.సి. ఇంజను. కారు బరువు 440 కిలోలు. 1957 నాటి ఇంజనుకంటె పరిమాణమున ఇంచుమించు సగము. బలము 84 అశ్వశక్తులు, అనగా రెట్టింపు. గాలిని నొక్కి లోనికి పంపు టర్బో యంత్రము, అరవై సంవత్సరముల లోహవిజ్ఞానము కలిసి ఈ మార్పును తెచ్చినవి. నీటిపంపు ఇంజను ఒకనాడు చెప్పిన మాటనే ఇది మరల చెప్పినది: పెద్దదనము సి.సి.లలో లేదు, ఎంత బరువును ఎంత బలము లాగుచున్నదను దానిలో కలదు. చాప్‌మన్ తన జీవితమంతయు చెప్పిన సూత్రమును అదియే. బలము పెంచిన కారు తిన్నని బాటమీద వేగిరపడును. బరువు తగ్గించిన కారు అన్ని చోట్లను వేగిరపడును.

ఇంటిలో కారును కూర్చుకొను అభిరుచిని చట్టములు కూడ గమనించినవి. బ్రిటనులో 1998నుండి ఇట్టి కార్లను ఒక్కొక్కదానిని విడివిడిగా పరీక్షించి అనుమతించు పద్ధతి వచ్చెను. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును యజమాని తన ఇచ్ఛానుసారము మార్చరాదని శాసించుచున్నది. ఇది ఉత్సాహమును అణచుటకు చేసిన ఆంక్ష యని మేమనుకొనము. ఇంజను బలము పెంచి బ్రేకులను మరచినవాని కారు వానిని ఒక్కనినే గాయపరచదు. బాటప్రక్క నడుచు పసివానికిని ఆ లెక్కలో పాలున్నది.

మంచమున్నంతవరకే కాళ్లు చాచుకొనవలెనని మన సామెత. లోటస్ సెవెన్‌ను తీర్చినవారు ఆ సామెతను త్రోసిపుచ్చలేదు. కాళ్లు పెరిగిన ప్రతిసారియు వడ్రంగివలె కూర్చుండి, మంచమునకు పట్టె పొడిగించి, కోడు దిటవు చేసి, నులక బిగించి, ఆ పిమ్మటనే కాళ్లు చాచిరి. అందుచేతనే ఆ చిన్న కారు అంత పెద్ద ఇంజనును మోసియు నేటికిని పరుగెత్తుచున్నది.